ఏ తుపాకీ కొనమంటారు?

రాయదుర్గం,
28 ఆగస్టు 2025

గౌరవనీయులైన హనుమంతప్ప మామకు,

సునంద నమస్కారాలు. మీరు నన్నెరగరు. అనంతపురం కోర్టులో డ్యూటీ చేసే కానిస్టేబుల్ యేసన్న మీ చిరునామా ఇచ్చాడు. "ఫోన్ చేయొద్దు మ్మా. ముప్పైయేండ్లు తుపాకుల పక్కన నిలబడి ఆయప్ప చెవులు పోయినాయి. జాబు రాయి. తిడతాడు గానీ జవాబు రాస్తాడు" అన్నాడు. పోలీసు ఆయుధాలయంలో తుపాకులు బాగుచేసి, ఇది పనిచేస్తుంది, ఇది చేయదు అని సర్టిఫికెట్ రాసే ఆర్మరర్లలో మీ అంతటివాడు లేడని కూడా చెప్పాడు.

రాయదుర్గంలో పద్నాలుగు మిషన్లతో జీన్స్ ప్యాంట్లు కుట్టే చిన్న యూనిట్ నాది. నాలుగేళ్ళ కిందట మా నాయనను కాల్చి చంపారు. వంకలో ఇసుక తోడుతున్నారని అర్జీ పెట్టడం ఒక్కటే ఆయన చేసిన తప్పు. నేను కళ్ళారా చూశాను, కోర్టులో సాక్ష్యం చెప్పాను. అయినా ఆ మనిషి మొన్న జూన్‌లో నిర్దోషిగా బయటికొచ్చాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు వచ్చి మా యూనిట్ ఎదురుగా టీ అంగడిలో కూర్చుంటాడు. ఏమీ అనడు. నేను గేటు వేసుకుని ఇంటికి బయలుదేరేదాకా కూర్చుని, తరువాత లేస్తాడు.

నాకు ఒక్క చేతి తుపాకీకి లైసెన్సు వచ్చింది. ఒక్కటే కొనగలను. సంచిలో పట్టాలి, ఇంట్లో ఉండాలి, దారిలో ఉండాలి, అన్నిటికీ అదే. బెంగళూరు డీలరు మూడు చూపించాడు. ఆడవాళ్ళ కోసమే చేశారంటూ ఒక తేలికపాటి బుల్లి రివాల్వరు. ఇరవైరెండు బోరుది, పొడుగు గొట్టంది ఒకటి. ఏనుగుదంతం పిడి ఉన్న పాత విలాయతీ పిస్తోలు ఒకటి. ఇవి కాక మామూలు ముప్పైరెండు బోరువి ఉన్నాయి గానీ, "అవి అందరూ కొనేవే గదమ్మా" అని వాటిని బయటికి కూడా తీయలేదు.

ప్రాణంతో పని కాబట్టి అడుగుతున్నాను. ఏది కొనమంటారు?

మీ బిడ్డలాంటిది,
సునంద


చిలమత్తూరు,
3 సెప్టెంబరు 2025

చిరంజీవి సునందకు,

హనుమంతప్ప ఆశీస్సులు. చెవులు పోయిన మాట నిజమే. దానివల్ల నాకు నష్టమేమీ లేదు, ఈ ఊళ్ళో వినదగ్గ మాట ఎవరూ మాట్లాడరని మా ఆవిడ కదిరమ్మే పలక మీద రాసి చెబుతుంది.

ఆడవాళ్ళ రివాల్వరట. తూటాకు ఆడా మగా తెలుస్తుందా? ఆ బుల్లిది సంచిలో ఉన్నంతసేపు సుఖమే. పేల్చినప్పుడు తెలుస్తుంది దాని సంగతి. తుపాకీ ఎంత తేలికైతే చేతిని అంత గట్టిగా తంతుంది. మొదటి గుండు గోడకు తగులుతుంది, రెండోది మిద్దెకు. మూడోది పేల్చడానికి నీకు మనసు రాదు.

ఇరవైరెండు బోరు పొడుగు గొట్టం పోటీల్లో కాగితాలకు చిల్లులు పెట్టేవాళ్ళది. దాన్ని నువ్వు సంచిలోంచి పూర్తిగా బయటికి లాగేలోగా ఎదుటివాడు టీ తాగేసి గ్లాసు కూడా కడిగిపెట్టి వస్తాడు. ఇక ఏనుగుదంతం పిడి. పైన పటారం, లోన లొటారం. దానికి తూటాలు చేసే ఫ్యాక్టరీ మూతపడి ఎన్నేళ్ళయిందో ఆ డీలరును అడుగు. నీళ్ళు నములుతాడు. అతను తుపాకులు అమ్మేవాడు కాదు, బొమ్మలు అమ్మేవాడు.

కొనవలసింది ఒకటే. మన సర్కారు ఫ్యాక్టరీ ముప్పైరెండు బోరు రివాల్వరు. ఆరు గుండ్లు. పిస్తోలు కూడా అదే బోరులో దొరుకుతుంది, ఇంకో రెండు గుండ్లు ఎక్కువ పడతాయని ఆశపెడతారు. వద్దు. పిస్తోలులో తూటా ఇరుక్కుంటే దాన్ని లాగాలి, దులపాలి, మళ్ళీ ఎక్కించాలి. చేతులు వణికే మనిషి చేసే పని కాదది. రివాల్వరులో ఒకటి పేలకపోతే మళ్ళీ నొక్కు, పక్కది వస్తుంది. అంతే చదువు. చూడడానికి బోరు మోటారు విడిభాగంలా ఉంటుంది, ఉండనీ. దానితో నువ్వేమన్నా పెండ్లిచూపులకు కూర్చుంటావా?

నా సర్వీసులో లైసెన్సుదారులందరినీ చూశాను. శనక్కాయ చేను అమ్మి పిస్తోలు కొన్నవాడొకడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. ఒక కాంట్రాక్టరు తన దానికి బంగారు పూత పూయించాడు, ఆ పూత గొట్టంలోకి కూడా పోయి గుండు పట్టలేదు. ఎలక్షన్లప్పుడు స్టేషన్లో అప్పజెప్పమంటే ఇంకొకడు తుప్పు పట్టకూడదని కొబ్బరినూనెలో ముంచి తెచ్చాడు. అది గడ్డకట్టింది. నేను వేణ్ణీళ్ళతో కడిగాను, బాలింతరాలికి పోసినట్టు. వీళ్ళలో ఒక్కడికీ శత్రువనేవాడు లేడు. ఉంటే ఆ శత్రువు నవ్వి చచ్చేవాడు.

నీ కేసు సంగతి రాశావు. కోర్టు వదిలేసిందంటే జడ్జిని అనకు. ఎవడో పనికిమాలినవాడు సగం పని చేసి సంతకం పెట్టి ఉంటాడు. మా శాఖలో అలాంటివాళ్ళకు కరువు లేదు, మన జిల్లాలో కరువున్నా.

ఆశీస్సులతో,
హనుమంతప్ప


రాయదుర్గం,
14 సెప్టెంబరు 2025

పూజ్యులైన హనుమంతప్ప మామకు,

మీ జాబు మూడుసార్లు చదివాను. కొబ్బరినూనె దగ్గర నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది.

మొన్న మంగళవారం ఆ మనిషి టీ అంగడిలోంచి లేచి లోపలికే వచ్చాడు. చేతిలో ప్యాంటు ఉంది. "పొడుగయిందిమ్మా, రెండించీలు తగ్గించల్ల" అన్నాడు. పద్నాలుగు మిషన్లూ ఆగిపోయాయి. ఆడపిల్లలందరూ నా వైపు చూశారు. నేను తీసుకుని కొలత రాసుకున్నాను. ఇంకేం చేయను? "బో చక్కగా కుడతావంట. మీ నాయన గూడా చక్కని మనిషే, నోరే కొంచెం పెద్దది. నువ్వు ఒక్కదానివే పోతాంటావు గదా సాయంత్రం? దారి మంచిది కాదు, బద్రం" అన్నాడు. దుడ్లు బల్ల మీద పెట్టి పోయాడు. ఆ ప్యాంటు నేనే కుట్టాను. ఇంకొకరి చేత ముట్టించబుద్ధి కాలేదు.

మీరు చెప్పినట్టు ముప్పైరెండు బోరు రివాల్వరే అనుకుంటున్నాను. కానీ డీలరు వదలడం లేదు. మూడు గొట్టాలది ఒకటుందట, అరచేతిలో ఇమిడిపోతుందట. "వింతగా ఉండేవే పని చేస్తాయమ్మా, ఎదుటోనికి అది తుపాకని తెలీదు గదా" అంటాడు. నాటు పిస్తోళ్ళలో కూడా కొన్నిటికి తూటాను వెనక నుంచి కొట్టే సుత్తి ఉండదు, ట్రిగ్గరు సరిగ్గా ఉండదు, అయినా పేలుతాయని మా యూనిట్లో ఒకామె చెప్పింది. అలాంటివి మీ దగ్గరికి వచ్చి ఉంటాయి గదా. నిజంగా పేలతాయా? చూసి చెప్పగలరా, పేల్చే చూడాలా?

ఇంకొకటి. దసరా దగ్గరికొచ్చింది. ఆయుధపూజ రోజు తెచ్చుకుని, పూజ చేసి, ఆ రోజే మొదటి గుండు పేలిస్తే శుభమని డీలరు చెబుతున్నాడు. మీ పోలీసు ఆయుధాలయంలో అలాగే చేసేవారా?

మీ జవాబు కోసం చూస్తుంటాను.

సునంద


చిలమత్తూరు,
22 సెప్టెంబరు 2025

చిరంజీవి సునందకు,

ఆశీస్సులు. నీ డీలరుకు సిగ్గు లేదు, నీకు బుద్ధి లేదు. మూడు గొట్టాలట. ఒక గొట్టంతో కొట్టలేనివాడు మూడింటితో కొడతాడా? అరచేతిలో ఇమిడేదాన్ని పట్టుకునే చోటేది? నీ వేలు నువ్వే పేల్చుకుని, ఆ మనిషి దగ్గరికే పోయి ఆస్పత్రికి తీసుకుపొమ్మని అడగవలసి వస్తుంది. వింత తుపాకీ కొనేవాళ్ళందరిదీ ఒకటే రోగం. తుపాకీని ఎవరైనా చూడాలని వాళ్ళ కోరిక. నీకు కావలసింది ఎవరూ చూడనిది, నొక్కితే పేలేది. మళ్ళీ మళ్ళీ చెప్పించుకోకు.

నాటు పిస్తోళ్ళ గురించి మీ యూనిట్ ఆమె చెప్పిందట. ఆమె ప్యాంట్లకు బొత్తాలు కుట్టుకుంటే మంచిది. ముప్పైయేళ్ళలో ఎన్ని చూశానో లెక్క లేదు. గొడుగు కామలతో చేసినవి, కుళాయి గొట్టాలతో చేసినవి. పేల్చి చూడాలా అని అడుగుతావా? వైద్యుడు శవం నాడి పట్టుకుని చూస్తాడా? గుమ్మంలోకి తెస్తుండగానే నాకు తెలిసిపోతుంది. వాటి మీద సర్కారు తూటా దండగ. నేను పనికిరాదని రాశానంటే పనికిరాదు. నా రిపోర్టును ఏ కోర్టూ ఇప్పటిదాకా కాదనలేదు.

ఇక ఆయుధపూజ. ఆ రోజు గుండు పేల్చమన్నవాడికి శాస్త్రమూ తెలియదు, తుపాకీ తెలియదు. మా ఆయుధాలయంలో నవమికి ముందురోజే అన్నిటినీ తుడిచి, వరసగా పేర్చి, బొట్లు పెట్టి, బూడిదగుమ్మడికాయ కొట్టేవాళ్ళం. కుంకుమ గొట్టంలోకి పోకుండా ప్రతిదాని నోట్లో గుడ్డ కుక్కేవాణ్ణి. నవమి రోజు ఇనుము కదిలించే ప్రసక్తే లేదు. కందెన గుడ్డ కూడా ముట్టుకోం. నా సర్వీసు మొత్తంలో ఆ రోజు ఒక్క గుండు పేల్చలేదు, ఎవరినీ పేల్చనివ్వలేదు. ఎస్పీ వచ్చి అడిగినా పేల్చను.

అడిగినవాడు ఉన్నాడు కూడా. కరోనా రెండోసారి వచ్చి తగ్గిన ఏడు, సరిగ్గా నవమి పొద్దున ఒక ఎస్సై వచ్చాడు. సంచిలో ఒక వస్తువు. పిస్తోలు అన్నాడు. సైకిలు పంపుకు పుట్టిన బిడ్డలా ఉంది. సుత్తి లేదు, ట్రిగ్గరు పిల్లి తోకలా ఊగుతోంది. "అర్జెంటు సార్, ఈ పొద్దే రిపోర్టు కావల్ల" అంటాడు. "ఏమప్పా, పండగ పూట ఈ దరిద్రాన్ని మా బల్ల మీద పెడతావా" అని గుమ్మంలోనే నిలబెట్టాను. అతని చేతిలో ఉండగానే చూశాను. పేలదని రాసి, సంతకం పెట్టి, ప్రసాదం చేతిలో పెట్టి పంపించాను. అయిదు నిమిషాల పని. పని తెలిసినవాడు అలా చేస్తాడు.

నువ్వు దసరా పోయాక పో. ముప్పైరెండు బోరు రివాల్వరు అని అడుగు. ఇంకేది చూపించినా కళ్ళు మూసుకో.

ఆశీస్సులతో,
హనుమంతప్ప


రాయదుర్గం,
4 అక్టోబరు 2025

హనుమంతప్ప గారికి,

మామా అని ఇక రాయలేను.

సైకిలు పంపుకు పుట్టిన బిడ్డ అని మీరు రాసిన ఆ వస్తువే మా నాయనను చంపింది. గార్లదిన్నె పక్కన మా ఊరు. కాల్చినవాడి పేరు జయరాం. పోలీసులు ఆ పిస్తోలును అతని ఇంట్లోనే పట్టుకున్నారు. మీ రిపోర్టు తేదీ 14 అక్టోబరు 2021, ఆ రోజు మహర్నవమి. అందులో మీ చేతిరాత ఇలా ఉంది: "రెండు తూటాలతో స్వయముగా పరీక్షించితిని. పేలలేదు. ఆయుధము పనిచేయు స్థితిలో లేదు." పోయినేడు బోనులో నిలబడి ప్రమాణం చేసి అదే చెప్పారు. ప్రశ్నలు కాగితం మీద రాసి ఇస్తే చదువుకుని, విసుక్కుంటూ చెప్పారు. నేను మూడో బెంచీలో కూర్చుని ఉన్నాను. నా వైపు ఒకసారి చూశారు కూడా. గుర్తుండదు లెండి.

ఆర్మరరే పేలదన్నాక దాన్ని ఫోరెన్సిక్ లాబుకు పంపడం దేనికని పోలీసులు ఊరుకున్నారు. పేలని పిస్తోలుతో మనిషి ఎలా చస్తాడని జడ్జి అడిగాడు. నేను చూశానని చెప్పిన మాట అబద్ధమైపోయింది. తండ్రి పోయిన దుఃఖంలో ఏదో ఊహించుకుందని తీర్పులో రాశారు.

నాకు లైసెన్సు లేదు. అర్జీ పెట్టింది నిజం. ముద్దాయి నిర్దోషి గనక నీకు ప్రాణభయం ఉందనుకోలేమని తిప్పి పంపారు. అది కూడా మీ అయిదు నిమిషాల పనే. బెంగళూరు డీలరును నేనెప్పుడూ చూడలేదు. ఆ తుపాకుల పేర్లు యేసన్నను అడిగి రాశాను. జయరాం ప్యాంటు తెచ్చిన సంగతి మాత్రం నిజం.

మా లాయరు ఎలిజబెత్ గారు పైకోర్టులో అప్పీలు వేశారు. అది తేలేదాకా ఆ పిస్తోలును కరిగించరు, కోర్టులో కేసు వస్తువులు దాచే మాలుఖానాలోనే ఉంది. "దాన్ని మళ్ళీ పరీక్ష చేయించల్లంటే మొదటి పరీక్ష జరగలేదని చూపించల్లమ్మా. ఆయప్ప ఒప్పుకుంటాడా?" అని ఆమె అడిగింది. ఒప్పుకోరని నాకు తెలుసు. బతిమాలితే తలుపు వేస్తారు. కానీ ఎదుటివాళ్ళకు ఏమీ తెలియదని తేలితే మీ చేయి ఆగదని యేసన్న చెప్పాడు. అందుకే ఏమీ తెలియనిదానిలా రాశాను.

మీ జాబులు రెండూ లాయరు దగ్గర ఉన్నాయి. "ఎవడో పనికిమాలినవాడు సగం పని చేసి సంతకం పెట్టి ఉంటాడు" అన్న వాక్యం కింద ఎర్రగీత గీసి ఇచ్చాను.

రెండు జాబుల్లో బంగారు పూత గురించి రాశారు, కొబ్బరినూనె గురించి రాశారు. మా నాయన పేరేమని ఒక్కసారి అడగలేదు. ఇప్పుడు నేనూ చెప్పను. తెలుసుకోవాలనిపిస్తే కోర్టు కాగితాల్లో వెతుక్కోండి.

సునంద


చిలమత్తూరు,
18 ఫిబ్రవరి 2026

లక్ష్మన్న గారి బిడ్డ సునందకు,

ఇన్ని నెలలు జవాబు రాయలేదు.

నీ జాబు చదవగానే చించేశాను. ప్యాంట్లు కుట్టే పిల్ల నన్ను ఎద్దును తోలినట్టు తోలిందని మూడు రోజులు ఇంట్లో అందరినీ తిట్టాను. కదిరమ్మ ఆ ముక్కలన్నీ ఏరి అన్నం మెతుకులతో అంటించి, చదివి, నా ముందు పెట్టింది. నాలుగో రోజు అనంతపురం బస్సెక్కాను.

ఎలిజబెత్ గారి ఆఫీసులో తీర్పు మొత్తం చదివాను. మీ నాయన పేరు అక్కడే చూశాను. యాభై మూడేళ్ళు. వంక దగ్గర, చెప్పులు చేతిలో పట్టుకుని వస్తుండగా అని ఉంది. తరువాత అఫిడవిట్ మీద సంతకం పెట్టాను. ఆ రోజు తూటా పేల్చలేదు, పేల్చానని రాయడం అబద్ధం, బోనులో చెప్పింది కూడా అబద్ధం. ఎవరి దగ్గరా దుడ్లు తీసుకోలేదు. తీసుకుని ఉంటే కనీసం ఆ పాపానికి ఒక కారణముండేది. అన్ని రిపోర్టుల్లో ఆ వాక్యం ఉంటుంది, పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి దించేవాణ్ణి. ముప్పైయేళ్ళు అలాగే దించాను. నీలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు.

నిన్న పరీక్ష జరిగింది. కోర్టు నన్ను కూడా ఉండమంది. లాబు నుంచి చంద్రిక అని ఒక అమ్మాయి వచ్చింది, పాతికేళ్ళు దాటి ఉండవు. ఆ వస్తువును చూసి నవ్వలేదు. అరగంట అటూ ఇటూ తిప్పి చూసింది, నోటుబుక్కులో బొమ్మ గీసుకుంది. ఆ ట్రిగ్గరు ఉత్తది. పిడిని గట్టిగా పట్టి నొక్కితే పేలే రకం. నేను పిడిని ముట్టుకోనే లేదు. మూడు గుండ్లు పేల్చింది. మూడూ పేలాయి. నాకు చప్పుడు వినపడలేదు. ఎదురుగా చెక్కకు పడిన చిల్లులు చూశాను.

నా మీద కేసు పెడతారు, పెన్షను ఆపుతారు. ఎలిజబెత్ గారు చెప్పారు. చేయవలసిందే. నీ అప్పీలు వచ్చే నెల పదకొండున ఉంది, ఆ రోజు నేను వస్తాను. క్షమించమని అడగడం లేదు. అడిగే అర్హత నాకు లేదు.

ఇంకొక సంగతి నీకు తెలియాలి. ఈ పొద్దున జయరాం మా ఇంటికి వచ్చాడు. నేను పెరట్లో ఉన్నాను. కదిరమ్మ ఎవరో బాటసారి అనుకుని చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, "పెద్దాయన కోర్టుకు పోతాండాడంట గదమ్మా? ఈ వయసులో బస్సులెక్కడం, దిగడం. బద్రం" అన్నాడట. చెంబు బోర్లించి పెట్టి, ఎదురుగా చింతచెట్టు కింద చాలాసేపు కూర్చుని పోయాడు. అతనెవరో నేను చెప్పాక ఆమె తలుపు గడియ పెట్టింది. పెట్టి, వచ్చి, మళ్ళీ పోయి పెట్టిందా లేదా అని చూసింది. సాయంత్రానికి నాలుగుసార్లు చూసింది.

దీపం పెట్టే వేళకు పలక మీద రాసి నాకు చూపించింది. "ఆ పిల్ల జూన్ నుంచి ఇట్లనే ఉండాదా?" అని.

అవునని తలూపాను.

హనుమంతప్ప